భూగర్భ మెట్రో స్టేషన్ కట్టడం: డీ-వాల్ నుంచి బేస్ స్లాబ్ దాకా నా అనుభవం

హైదరాబాద్ మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లూ స్తంభాల మీదే నడుస్తుంది కాబట్టి మనవాళ్లలో చాలామందికి మెట్రో అంటే తలెత్తి చూసేదే. చెన్నైలో మొదటి దశలోనే సగానికి పైగా మార్గం భూమి కింద ఉంది. రెండో దశలోనూ భూగర్భ స్టేషన్లు చాలా వస్తున్నాయి. ఆ స్టేషన్ పెట్టెలు కట్టే పనిలో సైట్ ఇంజనీరుగా నేను చూసిన క్రమం ఇది. ఏ మెట్టులో ఏది చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది కొత్తగా ఈ పనిలోకి వస్తున్న సివిల్ ఇంజనీర్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

నాకు బలంగా అనిపించే మాట ముందే చెప్పేస్తాను. స్టేషన్ తెరిచిన ఐదారేళ్లకు ప్లాట్‌ఫాం గోడ మీద ఊట కారుతోందంటే, దాని కారణం చాలాసార్లు ఆ గోడ ముక్కను (ప్యానెల్) పోసిన రాత్రిలోనే ఉంటుంది. తర్వాత ఎన్ని పూతలు పూసినా అది సర్దుబాటే. అందుకే గోడ గురించి ఎక్కువ చెబుతాను, మిగతావి తొందరగా దాటేస్తాను.

లెక్కల కోసం ఒక మామూలు రెండంతస్తుల స్టేషన్ తీసుకుందాం. పొడవు 200 మీటర్లు, వెడల్పు 22 మీటర్లు, రోడ్డు మట్టం నుంచి అడుగు స్లాబ్ (బేస్ స్లాబ్) కింది అంచు వరకు 18 మీటర్లు. పై అంతస్తు కాన్కోర్స్, టికెట్లు, తనిఖీలు అక్కడ. కింది అంతస్తు ప్లాట్‌ఫాం. చుట్టూ మీటరు మందం, 22 మీటర్ల లోతు ఉన్న డయాఫ్రం వాల్, సైట్లో అందరూ డీ-వాల్ అనే అంటారు. లోపలి మట్టి తీయకముందే నేలలో సన్నటి గుంత తవ్వి, ముక్కలు ముక్కలుగా పోసే కాంక్రీట్ గోడ ఇది. నేల మెత్తగా ఉంటే ఈ గోడ ఇంకా లోతుకు వెళ్తుంది. పెట్టెలోంచి బయటికి తీయాల్సిన మట్టి దాదాపు 79,000 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి 12 ఘనపు మీటర్ల టిప్పర్లతో లెక్కేస్తే ఎనిమిది వేల ట్రిప్పులు దాటుతాయి. పగటిపూట నగరం నడిబొడ్డున భారీ వాహనాలు తిరగనివ్వరు. కాబట్టి మట్టి తోలకమైనా, కాంక్రీట్ రాకైనా ఎక్కువగా రాత్రిపనే.

గోడకు ముందు రోడ్డు కింద ఏముందో తెలుసుకోవాలి. రాడార్ సర్వే చేయిస్తారు, శాఖల నుంచి డ్రాయింగులు తెస్తారు. రెండింటినీ నమ్మి యంత్రం పెట్టకూడదు. గోడ వచ్చే వరస పొడవునా మనుషులతో ట్రయల్ పిట్లు తవ్వించాలి, కనీసం ఒకటిన్నర రెండు మీటర్ల లోతు. మంచినీటి మెయిన్, డ్రైనేజీ, కరెంటు కేబుళ్లు, టెలిఫోన్ డక్టులు, ఎప్పుడో వదిలేసిన పాత ఇటుక కాలువలు, అన్నీ ఆ రెండు మీటర్లలోనే బయటపడతాయి. వాడకంలో లేదనుకున్న పాత పైపే ఎక్కువ ప్రమాదం. దాని రెండు కొసలూ మూసి, లోపల పలచటి కాంక్రీటుతో నింపకపోతే రేపు గుంత కూలకుండా నింపే బెంటోనైట్ అనే బంకమట్టి ద్రవం మొత్తం అందులోంచే పారిపోతుంది.

తర్వాత గైడ్ వాల్. ఇవి గోడ వరసకు రెండు పక్కలా మీటరు నుంచి ఒకటిన్నర మీటరు లోతున పోసే చిన్న కాంక్రీట్ గోడలు. వీటి మధ్య ఖాళీ డీ-వాల్ మందం కన్నా 50 మి.మీ. ఎక్కువ ఉంచుతాం, మన లెక్కలో 1,050 మి.మీ. చూడటానికి తాత్కాలిక పనిలా ఉంటుంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ మట్టి తవ్వే యంత్రమైన గ్రాబ్‌కు దారి చూపేది ఇదే, పైమట్టి జారకుండా పట్టేది ఇదే, కడ్డీలతో అల్లిన స్టీలు కేజ్ మొత్తం బరువు వేలాడేదీ దీని మీదే. గైడ్ వాల్ కింద వదులు మట్టి ఉంటే కేజ్ దించగానే ఒక పక్క కుంగుతుంది. కాబట్టి అడుగు గట్టి నేల మీద పడిందో లేదో చూసి, వెనక మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస వేయించాలి. తవ్వకం మొదలయ్యేదాకా రెండు గోడల మధ్య చెక్క దూలాలు బిగించి ఉంచాలి. లేకపోతే పక్కన నిలిచే క్రేన్ బరువుకి అవి లోపలికి వాలతాయి.

ఇక బెంటోనైట్. మన దేశంలో వాడేది ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ ప్రాంతం నుంచి వస్తుంది. వెయ్యి లీటర్ల నీటికి 40 నుంచి 60 కిలోలు కలుపుతాం. కలిపిన వెంటనే వాడకూడదు, బాగా ఊరాలి. మేము ఒక రోజంతా ట్యాంకులో తిప్పుతూ ఉంచుతాం. నీటి సంగతి చాలామంది పట్టించుకోరు. చెన్నైలో సముద్రం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీటిలో బెంటోనైట్ ఉబ్బదు, గుంపులు కట్టి అడుక్కి దిగిపోతుంది. ఆ ద్రవం గోడను పట్టుకోలేదు. ట్యాంకరు నీళ్లు వచ్చిన ప్రతిసారీ ఉప్పు పరీక్ష చేయించడం తప్పనిసరి.

ఈ ద్రవం తవ్విన గుంతను ఎలా నిలబెడుతుందో అర్థమైతే మిగతా నియమాలన్నీ వాటంతటవే తెలుస్తాయి. గుంత గోడల మీద సన్నటి పొరలా ఇది అతుక్కుంటుంది. ఆ పొర మీద లోపలి ద్రవం ఒత్తిడి, బయటి భూగర్భ జలం ఒత్తిడి కన్నా ఎక్కువుండాలి. అందుకే ద్రవ మట్టం బయటి నీటి మట్టానికి కనీసం ఒకటిన్నర మీటరు పైన ఉండాలి. చెన్నైలో వానాకాలంలో నీళ్లు రోడ్డుకు మీటరు కిందకే వచ్చేస్తాయి. అప్పుడు ఒకటిన్నర మీటరు తేడా ఎక్కడి నుంచి వస్తుంది? గైడ్ వాల్‌నే రోడ్డు కన్నా ఎత్తుగా కట్టుకోవాలి, లేదా బయట బావులు వేసి నీటి మట్టం తగ్గించాలి. వాన పడుతున్నా పని ఆపకుండా, మట్టం చూడకుండా తవ్వితే మూడు నాలుగు మీటర్ల లోతున ఇసుక పొర జారిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. కాంక్రీట్ లెక్కకు మించి పట్టినప్పుడు, తర్వాత లోపల తవ్వినప్పుడు గోడ పొట్టలా ముందుకు ఉబ్బి కనిపించినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

ద్రవానికి నాలుగు పరీక్షలు. మార్ష్ గరాటులోంచి 946 మిల్లీలీటర్లు కారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తాం. మామూలు నీళ్లకు 26 సెకన్లు, మన ద్రవానికి 32 నుంచి 50 మధ్య రావాలి. సాంద్రత తాజా ద్రవానికి 1.03 నుంచి 1.05. మూడోది పీహెచ్. నాలుగోది ఇసుక శాతం, పోతకు ముందు 4 శాతానికి లోపు ఉండాలి, సాంద్రత 1.15 దాటకూడదు. శాంపిల్ పైనుంచి తీస్తే పరీక్ష ఎప్పుడూ పాసవుతుంది. ఇసుక కిందికి దిగుతుంది కదా, కాబట్టి శాంపిల్ గుంత అడుగు దగ్గర నుంచే తీయాలి. రాత్రి రెండు గంటలకు ల్యాబ్ కుర్రాడు అలసిపోయి పైనుంచి తీయకుండా చూసుకోవడం ఇంజనీరు బాధ్యత. పీహెచ్ 12 వైపు పెరుగుతుంటే సిమెంట్ కలుస్తోందని అర్థం. అది పక్క ప్యానెల్ నుంచి తిరిగొచ్చిన ద్రవంలో ఉంటుంది. అలాంటి ద్రవం పెరుగులా గట్టిపడుతుంది, దాన్ని పారబోయడమే మేలు.

ఒక్కోసారి గ్రాబ్ పైకి వస్తుండగా ద్రవ మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. ఏదో పాత కాలువో, కంకర పొరో తెగిందన్నమాట. అప్పుడు చర్చలకు సమయం లేదు. గ్రాబ్‌ను బయటికి లాగేయాలి, నిల్వ ట్యాంకులోంచి ద్రవం వదలాలి, ఆగకపోతే గుంతను వెంటనే మట్టితోనో పలచటి కాంక్రీటుతోనో నింపేయాలి. నింపిన చోట తర్వాత మళ్లీ తవ్వుకోవచ్చు, కూలిన రోడ్డును మాత్రం వెనక్కి తేలేం. ఒకటిన్నర రెండు ప్యానెళ్లకు సరిపడా ద్రవం ఎప్పుడూ నిల్వ ఉండాలనే నియమం ఇందుకే.

తవ్వకం ప్యానెల్ విడిచి ప్యానెల్ సాగుతుంది. గ్రాబ్ నోరు 2.8 మీటర్లు, మూడు కాట్లలో ఆరు మీటర్ల ప్యానెల్ వస్తుంది. ముందు రెండు చివరలు, ఆఖరున మధ్యది. మధ్యది ముందు తీస్తే చివర కాటులో గ్రాబ్ ఒక పక్క ఖాళీ వైపు జారి వంకర పోతుంది. నిలువు తేడా 200కి 1 లోపు ఉండాలి, అంటే 22 మీటర్లకు 110 మి.మీ. ఇది వినడానికి పెద్ద అనుమతిలా ఉంది. కానీ పక్కపక్క ప్యానెళ్లు ఎదురెదురు దిశల్లో వంగితే అడుగున 220 మి.మీ. చీలిక వస్తుంది. మీటరు గోడలో జాయింట్ మందం అక్కడ అంతమేరకు తగ్గినట్టే. కోడెన్ అనే శబ్ద తరంగాల పరికరాన్ని గుంతలోకి దించి గోడల నిలువు గీత తీస్తాం. పూర్తి లోతు తవ్వాక ఒక్కసారే తీసేకంటే మధ్యలోనే ఒకసారి తీస్తే వంకరను సరిదిద్దే వీలుంటుంది.

చెన్నైలో తీరం వైపు ఇసుక, బంకమట్టి పొరలు. సైదాపేట లాంటి దక్షిణ ప్రాంతాల్లో కొద్ది లోతులోనే చార్నోకైట్ రాయి తగులుతుంది. ఇది మన నల్లరాయి అంత గట్టిది. గ్రాబ్ దాన్ని తినలేదు. ఎనిమిది పది టన్నుల ఉలిని పైనుంచి వేస్తూ కొట్టడం పాత పద్ధతి. ఆ దెబ్బల అదురుకి పైనున్న ఇసుక పొర జారుతుంది. వీలున్నచోట ముందే వరసగా బోర్లు వేసి రాయిని బలహీనపరచడం, లేదా చక్రాలు తిరిగే ట్రెంచ్ కట్టర్ తేవడం మంచిది. ఖర్చు ఎక్కువే, కానీ గోడ పొట్ట చెక్కించే ఖర్చుతో పోల్చి చూడాలి.

స్టీలు కేజ్ 15 నుంచి 25 టన్నుల బరువుంటుంది. రెండు క్రేన్లతో పడుకోబెట్టి లేపి, గాల్లోనే నిలువు చేసి దించుతాం. ఎత్తేటప్పుడు వంగకుండా అదనపు కడ్డీలు వెల్డ్ చేయాలి, ఎత్తే రింగుల వెల్డింగు ఒక్కొక్కటీ చూడాలి. ఈ పని జరుగుతున్నంతసేపు కింద ఒక్క మనిషీ ఉండకూడదు. కడ్డీల మీద ఉండాల్సిన కాంక్రీట్ పొర (కవర్) 75 మి.మీ. కోసం కాంక్రీట్ రోలర్లు కడతాం. అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది కడ్డీలను కలిపే మర గొట్టాల (కప్లర్ల) మట్టం మీద. రూఫ్, కాన్కోర్స్, బేస్ స్లాబుల కడ్డీలు తర్వాత ఈ గోడకే మరలతో బిగుస్తాయి. వాటి కోసం కేజ్‌లో కప్లర్లు ముందే పెట్టి, మూతలు బిగించి, పైన థర్మకోల్ కప్పుతాం. కేజ్ వేలాడే కొక్కేల పొడవు గైడ్ వాల్ పైమట్టాన్ని బట్టి లెక్కవేస్తారు. గైడ్ వాల్ మట్టాన్ని వారం కింద తీసిన రీడింగుతో లెక్కేసి, ఈలోగా అది కుంగి ఉంటే, కప్లర్లన్నీ అంతే కిందికి పోతాయి. కేజ్ దించే రోజు ఉదయమే మట్టం మళ్లీ తీయాలి. తేడా వస్తే తర్వాత గోడకు రంధ్రాలు వేసి, రసాయనంతో కడ్డీలు నాటాల్సి వస్తుంది. ఒక్క స్లాబు వరసకే వేల రంధ్రాలు.

పోత. లెక్క తేలిక కోసం ఐదు మీటర్ల ప్యానెల్ అనుకుంటే 5 × 1 × 22, అంటే 110 ఘనపు మీటర్లు. గోడలు కాస్త ఎక్కువ తవ్వుకుపోతాయి, పది శాతం కలిపితే 121. ఆరు ఘనపు మీటర్ల మిక్సర్ లారీలు ఇరవై పైగా. ఎం40 కాంక్రీట్, స్లంప్ (జారుడు) 180 నుంచి 220 మి.మీ., నాలుగు గంటలైనా ఆ జారుడు నిలిచేలా రిటార్డర్. ఇక్కడ వైబ్రేటర్ పెట్టే వీలు లేదు. 200 లేదా 250 మి.మీ. ట్రెమీ పైపు అడుగుదాకా దించి, కింద నుంచి పైకి నింపుతాం. కాంక్రీట్ పైకి లేస్తూ బెంటోనైట్‌ను తోసుకుంటూ వస్తుంది, పైన పంపు దాన్ని లాగి ట్యాంకుకు పంపుతుంది.

మొదటి లారీయే కీలకం. పైపు కొస అడుగుకు 200 మి.మీ. పైన ఉంచి, లోపల ఒక బంతి పెట్టి, పైన బిగించిన గరాటు (హాపర్) నిండాక ఒక్కసారి వదలాలి. ఐదు చదరపు మీటర్ల గుంతలో ఒక లారీ కాంక్రీట్ లేపేది 1.2 మీటర్లే. పైపు కొస కనీసం రెండు మీటర్లు కాంక్రీటులో మునిగి ఉండాలి కాబట్టి రెండు ట్రెమీలు పెట్టి, రెండు లారీలు ఒకేసారి వదలడం మేలు. అప్పుడు 2.4 మీటర్లు లేస్తుంది. గేటు దగ్గర కనీసం నాలుగు లారీలు వరసలో నిలబడి ఉంటే తప్ప మొదటి లారీ వదలనివ్వకూడదు. ప్లాంటు నుంచి బయల్దేరాయి అన్న ఫోను మాట లెక్కలోకి రాదు.

ప్రతి లారీ తర్వాత బరువు కట్టిన టేపుతో మూడు చోట్ల లోతు కొలవాలి. పైపు మునక రెండు మీటర్లకు తగ్గితే పైన తేలే బురద కాంక్రీట్ పైపులోకి వస్తుంది. ఆరు మీటర్లు దాటితే పైపు బిగుసుకుని, కేజ్‌ను కూడా పైకి లాగుతుంది. పైపు ముక్క విప్పే ముందు కొలత చూడకుండా క్రేన్ లేపారంటే, కొస బయటికి వచ్చి గోడ మధ్యలో బెంటోనైట్ పొర మిగిలిపోతుంది. నేను చూసిన పెద్ద ఊటల్లో ఎక్కువ భాగం ఇలాంటి పొరల దగ్గరివే. పట్టిన కాంక్రీట్, లేచిన ఎత్తు, రెండిటినీ గ్రాఫు మీద పెట్టాలి. లెక్క కన్నా తక్కువ పట్టిందంటే సంతోషించకండి, గుంతలో మట్టి జారి కాంక్రీట్ చోటు ఆక్రమించిందన్నమాట. చివర్లో పైన ఉండే ముప్పాతిక మీటరు దాకా బలహీనమైన కాంక్రీట్. అందుకే కావలసిన మట్టం కన్నా అంత ఎక్కువ పోసి, తర్వాత దాన్ని చెక్కేస్తాం.

రెండు ప్యానెళ్ల మధ్య జాయింట్ కోసం చివర స్టాప్-ఎండ్ అనే ఉక్కు అచ్చు నిలబెడతాం. గుండ్రటి పైపు రకమైతే కాంక్రీట్ గట్టిపడుతుండగానే కొంచెం కొంచెంగా లాగాలి. తొందరపడితే కాంక్రీట్ కూలుతుంది, ఆలస్యమైతే పైపు అక్కడే ఉండిపోతుంది. నీళ్లను ఆపే రబ్బరు పట్టీ (వాటర్ బార్) పట్టే చదును రకంలో ఈ తొందర లేదు. పక్క ప్యానెల్ తవ్వాక దాన్ని పక్కకు ఊడదీస్తారు, రబ్బరు సగం పాత కాంక్రీటులో, సగం కొత్త దానిలో ఉంటుంది. ఏ రకమైనా, కొత్త ప్యానెల్ పోసే ముందు పాత కాంక్రీట్ ముఖాన్ని బ్రష్ బిగించిన ఉలితో పైనుంచి కిందిదాకా గీకాలి. బ్రష్ శుభ్రంగా పైకి వచ్చేదాకా గీకాలి. ఈ అరగంట పని మానేసిన జాయింట్ తప్పకుండా కారుతుంది.

గోడ చుట్టూ పూర్తయ్యాక రెండు దారులు. పెట్టెను పైకప్పు లేకుండా అడుగుదాకా తవ్వి, గోడలు లోపలికి పడకుండా అడ్డంగా ఉక్కు దూలాలు (స్ట్రట్లు) పెట్టుకుంటూ దిగి, కిందినుంచి పైకి కట్టడం ఒకటి. కోల్‌కతాలో 1984లో మొదలైన మన తొలి మెట్రో కూడా డీ-వాల్ మధ్య తవ్వి కట్టినదే. రెండోది టాప్-డౌన్. ముందు రూఫ్ స్లాబ్ పోసి, పైన మట్టి కప్పి, రోడ్డు తెరిచేసి, కింద తవ్వుకుంటూ దిగడం. ఇరుకైన రోడ్డున్న చోట రెండోదే గతి.

టాప్-డౌన్‌లో రూఫ్‌ను మోసేందుకు ముందే పైల్ వేసి, పచ్చి కాంక్రీటులోకి ఉక్కు దూలాన్ని నిలువుగా దించుతాం. దీన్ని ప్లంజ్ కాలమ్ అంటారు. దీని నిలువు నియమం గోడకన్నా కఠినం, ఎందుకంటే తర్వాత ఇదే ప్లాట్‌ఫాం స్తంభంలో భాగమవుతుంది. రూఫ్ మట్టందాకా తవ్వి, 75 మి.మీ. మందాన ఉక్కు లేని కాంక్రీట్ (పీసీసీ) వేసి, దాని మీద ప్లైవుడ్ లేదా పాలిథిన్ షీటు పరిచి స్లాబ్ పోస్తాం. ఆ షీటు దండగని తీసేస్తే పీసీసీ స్లాబు అడుగుకు అంటుకుంటుంది. కింద తవ్వుతున్నప్పుడు పెచ్చులు పెచ్చులుగా మనుషుల మీద రాలుతుంది. కింద మొదటి కాటు వేయగానే పైకప్పు మొత్తం గీకించాకే లోపలికి మనుషులను పంపాలి.

కింద పని వేడిగా, ఇరుగ్గా, పొగతో ఉంటుంది. ఎక్స్‌కవేటర్ పొగ బయటికి లాగే ఫ్యాన్లు, గాలి డక్టులు, గ్యాస్ మీటర్లు మొదటి రోజు నుంచే ఉండాలి. స్లాబులో వదిలిన రంధ్రాల ద్వారా గ్రాబ్‌తో మట్టి పైకి పోతుంది. ఒడిశా, జార్ఖండ్, శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీల కష్టం మీద నడిచే పని ఇది. తాగునీరు, విశ్రాంతి, షిఫ్టు సమయాలు కూడా పని నాణ్యతలో భాగమే. అలసిన చేతులు కప్లర్‌ను సగం మరలే తిప్పి వదిలేస్తాయి.

గోడ ఎలా కదులుతోందో చెప్పేవి పరికరాలు. గోడలో వంపు కొలిచే ఇన్‌క్లైనోమీటర్ గొట్టాలు, బయట నీటి ఒత్తిడికి పీజోమీటర్లు, పక్క భవనాలకు వాలు, పగుళ్ల కొలతలు, స్ట్రట్లకు బరువు కొలిచే లోడ్ సెల్స్. స్ట్రట్ల రీడింగు రోజూ ఒకే సమయానికి, పొద్దున్నే తీయాలి. 20 మీటర్ల ఉక్కు స్ట్రట్ 20 డిగ్రీల వేడికి దాదాపు 5 మి.మీ. సాగాలని చూస్తుంది, గోడ అడ్డుకుంటే అదంతా బరువుగా మారుతుంది. మధ్యాహ్నపు రీడింగును పొద్దుటి దానితో పోలిస్తే అనవసర భయమో, అనవసర ధైర్యమో మిగులుతుంది.

హెచ్చరిక గీత దాటినప్పుడు గీతనే జరపడం అనే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. సింగపూర్‌లో 2004 ఏప్రిల్ 20న నికోల్ హైవే పక్కన సర్కిల్ లైన్ తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. తవ్వకం 30 మీటర్ల లోతుకు చేరింది. తొమ్మిదో వరస స్ట్రట్లు గోడ పొడవునా ఉండే వేలర్ దూలానికి కలిసే చోట ముందు లొంగిపోయాయి. అంతకుముందే గోడ కదలికలు లెక్కకు మించాయి, మెత్తటి బంకమట్టి బలాన్ని డిజైన్‌లో ఎక్కువగా లెక్కేశారు, దానికి తగ్గట్టు హద్దులను సవరించుకుంటూ పోయారు. ప్రతి జూనియర్ ఇంజనీరూ ఆ విచారణలో తేలిన విషయాలు చదవాలి. స్ట్రట్ మందం కన్నా, అది ఆనే చోట పలకలు, వాటిని బలపరిచే స్టిఫెనర్లు, వెల్డింగు ఎలా ఉన్నాయో చూసే కన్ను రావాలి.

అడుగుకు చేరాక నీటి లెక్క. బయట నీళ్లు రోడ్డుకు రెండు మీటర్ల కింద ఉన్నాయనుకుంటే, 18 మీటర్ల లోతున పైకి నెట్టే ఒత్తిడి చదరపు మీటరుకు 16 టన్నులు. మొత్తం పెట్టెకు 70,000 టన్నులు దాటుతుంది. బావిలో ఖాళీ బిందెలాగే స్టేషన్ కూడా తేలాలని చూస్తుంది. 1.2 మీటర్ల బేస్ స్లాబ్ ఇచ్చేది 3 టన్నులు, గోడల బరువు పంచితే సుమారు 5. రూఫ్, కాన్కోర్స్ స్లాబులు కలిపి మూడున్నర, పైన రెండు మీటర్ల మట్టి మరో మూడున్నర. అంతా కలిపినా 15 దగ్గర ఆగుతుంది. మిగతాది, దానిపైన భద్రత కోసం కావలసిన మిగులు గోడకూ మట్టికీ మధ్య రాపిడి, పెట్టె పైకి లేవకుండా కింద పట్టి ఉంచే పైల్స్ ఇవ్వాలి. అందుకే బేస్ స్లాబ్ పోశాం కదా అని భూగర్భ జలం తోడే (డీవాటరింగ్) పంపులు ఆపకూడదు. ఏ దశలో ఎన్ని పంపులు ఆపవచ్చో డిజైనరు రాసి ఇచ్చిన కాగితం ఉండాలి, కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటర్ ఉండాలి. బేస్ స్లాబ్‌ను దాటి వచ్చే బావి గొట్టాల చుట్టూ నీళ్లు గొట్టం వెంట ఎక్కకుండా ఆపే పలక (పడల్ ఫ్లాంజ్) వెల్డ్ చేయాలి. చివర వాటిని మూసేటప్పుడు కాంక్రీట్, పైన ఉక్కు మూత, రెండూ పెట్టాలి.

సొరంగ యంత్రం వచ్చే చోట గోడలో మామూలు ఉక్కు ఉండకూడదు, యంత్రం దాన్ని కోయలేదు. ఆ గుండ్రటి మేర కేజ్‌లో గాజు పీచు కడ్డీలు కడతారు. అవి ఎత్తేటప్పుడు వంగవు, విరుగుతాయి. ఆ కేజ్‌ను లేపేటప్పుడు తాత్కాలిక ఉక్కు ఆసరా తప్పనిసరి, దించుతూ దాన్ని విప్పేయాలి. గోడ వెనక నేలను ముందే గ్రౌటుతో గట్టిపరచకపోతే యంత్రం బయటికి వచ్చే వేళ చుట్టూ ఉన్న సందులోంచి ఇసుకతో కలిసి నీళ్లు దూకుతాయి.

పైన ప్రవేశ ద్వారాల దగ్గర చెన్నైలో ఒకటి గమనించే ఉంటారు. కిందికి దిగే ముందు నాలుగైదు మెట్లు పైకి ఎక్కాలి. వరద మట్టం కన్నా గడప ఎత్తుగా ఉండాలనే అది. 2015 డిసెంబర్ వరదలు చూసినవాళ్లెవరూ ఆ మెట్లను తగ్గించమని అడగరు.

చివరికి మిగిలేది ఊట పని. గోడ ముఖం శుభ్రం చేయగానే తడి మరకలు, జాయింట్ల వెంట కారే గీతలు కనిపిస్తాయి. పైన సిమెంట్ పూస్తే నీళ్లు పక్కకు జరుగుతాయి, అంతే. జాయింట్‌కు రెండు పక్కలా ఒకదాని తర్వాత ఒకటి, 200 నుంచి 300 మి.మీ. దూరంలో, 45 డిగ్రీల వాలున 12 లేదా 14 మి.మీ. రంధ్రాలు వేయాలి. రంధ్రం గోడ మందంలో సగం దగ్గర జాయింట్‌ను తాకాలి. తాకిందో లేదో నీళ్లు ఎక్కించి చూస్తే తెలుస్తుంది, జాయింట్‌లోంచి బయటికి రావాలి. రంధ్రాల్లో ద్రవం ఎక్కించే చిన్న గొట్టాలు (ప్యాకర్లు) బిగించి కింద నుంచి పైకి పాలీయురెథేన్ అనే రెజిన్ ఎక్కించాలి. పై ప్యాకర్‌లోంచి నురగ వచ్చాక దానికి మారాలి. ధారగా వస్తున్న చోట ముందు వేగంగా ఉబ్బే రకం, ఆగాక సాగే గుణమున్న రెజిన్. ఉబ్బే నురగ ఒక్కటే వేసి వదిలేస్తే అది ఎండా వానల మధ్య కుంచించుకుని మళ్లీ దారి ఇస్తుంది.

ఈ పని పంపులు నడుస్తున్నప్పుడు ఒకసారి చేసి ముగించేస్తే లాభం లేదు. బయటి నీటి మట్టం అప్పుడు తగ్గి ఉంటుంది కాబట్టి సగం జాయింట్లు పొడిగానే కనిపిస్తాయి. పంపులు ఆపి, నీళ్లు తిరిగి పైకి వచ్చాక రెండో విడత, వీలైతే అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు పడే ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత మూడో విడత చేయాలి. ఆ తర్వాతే లోపలి అలంకరణ గోడలు కట్టనివ్వాలి. ఆ గోడకూ డీ-వాల్‌కూ మధ్య ఖాళీలో అడుగున చిన్న కాలువ, అది స్టేషన్ సంపుకు పోయే వాలు, ప్రతి జాయింట్ ఎదుట తెరవగల తలుపు ఉండాలి. ఏ ప్యానెల్ పోతలో ఏం జరిగిందో రాసిన రికార్డును, ఆ తలుపుల నంబర్లతో కలిపి నిర్వహణ వాళ్లకు అప్పగించాలి. ఏ జాయింట్ ముందు తెరిచి చూడాలో వాళ్లకు దాన్ని బట్టే తెలుస్తుంది.